కాలేయానికి యంత్రం కన్నా ముందు కావాల్సింది

మూత్రపిండాలు చెడిపోతే డయాలిసిస్ ఉందన్న సంగతి జనగామ జిల్లా పాలకుర్తి మండలంలో ఇవాళ ఎవరికీ కొత్త కాదు. ప్రభుత్వ దవాఖానల్లో ఉచిత డయాలిసిస్ కేంద్రాలు పెరిగాక, వారానికి రెండు మూడుసార్లు బస్సెక్కి వెళ్లి, నాలుగు గంటలు మిషన్ మీద ఉండి, పొద్దుగూకేసరికి ఇల్లు చేరేవాళ్లు పల్లెల్లో కనబడుతూనే ఉన్నారు. అందుకే వేసుకున్న మందు వికటించి కాలేయం దెబ్బతిన్న మనిషి విషయంలోనూ అదే ప్రశ్న పుడుతుంది: దీనికి మాత్రం డయాలిసిస్ లేదా? ఉంది. అల్బుమిన్ డయాలిసిస్ అంటారు. మూడు దశాబ్దాలుగా వాడుకలో ఉంది. అయితే ప్రభుత్వం చేతిలో ఉన్న రూపాయి ముందుగా ఎక్కడ పెట్టాలన్నది వేరే ప్రశ్న. దానికి నా జవాబు సూటిగా చెబుతాను. మందుల వల్ల కాలేయం ఒక్కసారిగా కుప్పకూలే జబ్బులో ప్రాణం నిలిచేదీ పోయేదీ ఎక్కువగా మొదటి కొద్ది రోజుల్లో, రోగి ఇంకా తెలివిలో ఉన్నప్పుడే తేలిపోతుంది. ఆ రోజులు గడిచేది హైదరాబాద్ ఐసీయూలో కాదు, పాలకుర్తిలాంటి చోట్ల. కాబట్టి మొదటి ఖర్చు ఇక్కడి రక్త పరీక్ష మీద, రెండోది వరంగల్‌లో ప్లాస్మా మార్పిడి మీద పెట్టాలి. అల్బుమిన్ యంత్రం వంతు ఆ తర్వాతే.

ముందు ఆ యంత్రం ఏం చేస్తుందో చూద్దాం. మూత్రపిండాల డయాలిసిస్‌లో రక్తం ఒక సన్నని పొరకు ఒకవైపు, శుద్ధమైన ద్రవం రెండోవైపు పారుతాయి. యూరియా, క్రియాటినిన్, అమ్మోనియా లాంటి నీటిలో కరిగే చిన్న పదార్థాలు పొర దాటి అవతలికి పోతాయి. కాలేయం చెడినప్పుడు పేరుకునే బిలిరుబిన్, పైత్యరస ఆమ్లాల లాంటివి అలా కదలవు. రక్తంలోని అల్బుమిన్ అనే ప్రొటీన్‌ను అంటిపెట్టుకుని ఉంటాయి. అల్బుమిన్ పెద్దది, పొర దాటలేదు. జర్మనీలోని రోస్టాక్ విశ్వవిద్యాలయ వైద్యులు 1990లలో దీనికి ఉపాయం కనిపెట్టారు. పొరకు అవతలివైపు కూడా అల్బుమిన్‌నే, 20 శాతం గాఢతతో 600 మిల్లీలీటర్ల దాకా, పారించారు. విషం ఇవతలి అల్బుమిన్‌ను వదిలి పొర దాటి అవతలి అల్బుమిన్‌ను పట్టుకుంటుంది. ఆ అల్బుమిన్‌ను బొగ్గు గొట్టం గుండా, రెసిన్ గొట్టం గుండా పంపి కడిగి మళ్లీ తిప్పుతారు. దీని పేరే మార్స్. ఇందులో ఆరు సీసాల అల్బుమిన్ ధరే వేలల్లో ఉంటుంది. ఒకసారి వాడి పారేసే ఫిల్టర్లు, గొట్టాలు అదనం. ఉపాయం తెలివైనదే, అనుమానం లేదు. కానీ కాలేయం చేసే పనిలో వడపోత ఒక భాగం మాత్రమే. రక్తం గడ్డకట్టడానికి కావాల్సిన పదార్థాలు తయారుచేసేదీ, ఒంట్లో చక్కెర పడిపోకుండా చూసేదీ అదే. వడపోసే యంత్రం వీటిని తయారుచేయలేదు.

ఈ రంగంలో ఆశలు రేగడం, చల్లారడం ఇది మొదటిసారి కాదు. 1950ల చివర్లో అమెరికాలో కాలేయ కోమా రోగులకు మామూలు డయాలిసిస్ చేశారు. అమ్మోనియా తగ్గి కొందరికి తెలివి వచ్చింది గానీ ప్రాణాలు నిలబడలేదు. 1970లలో లండన్ కింగ్స్ కాలేజీ ఆసుపత్రిలో రక్తాన్ని బొగ్గు మీదుగా పంపి శుద్ధి చేశారు. తొలి ఫలితాలు చూసి వైద్యలోకం సంబరపడింది. అదే ఆసుపత్రి వైద్యులు పద్ధతి ప్రకారం పోల్చి చూసి 1988లో ప్రకటించిన ఫలితాల్లో మాత్రం బొగ్గు వల్ల అదనపు లాభం కనబడలేదు. మెరుగుపడిన ఐసీయూ సంరక్షణే చాలామందిని బతికించిందని తేలింది. మన హైదరాబాద్‌కూ ఈ చరిత్రలో చోటుంది. ఉస్మానియా ఆసుపత్రిలో డాక్టర్ సి.ఎం. హబీబుల్లా బృందం, కాలేయం హఠాత్తుగా విఫలమైన ఏడుగురికి పిండ కాలేయ కణాలను పొట్టలోకి ఎక్కించి, ఆ అనుభవాన్ని 1994లో అంతర్జాతీయ పత్రికలో ప్రచురించింది. దాతల కాలేయాలు దొరకని దేశంలో పుట్టిన సాహసమది. ఏడుగురితో ఆశ చిగురిస్తుంది, నిర్ణయం తీసుకోవడానికి మాత్రం అది చాలదు. ముప్పై ఏళ్లు దాటినా ఆ చికిత్స ఇంకా మామూలు వార్డులోకి రాలేదు. ఆశ కలిగించినదల్లా రుజువై తీరదన్న ఈ పాఠాన్ని కొత్త యంత్రం కొనే ముందు గుర్తుంచుకోవాలి.

మార్స్‌కూ ఇదే గీటురాయి పెట్టారు. ఫ్రాన్స్‌లోని 16 కేంద్రాలు కలిసి 102 మంది రోగులతో చేసిన పరీక్ష ఫలితాలు 2013లో వచ్చాయి. ఆరు నెలల తర్వాత మామూలు చికిత్స పొందినవారిలో 75.5 శాతం, మార్స్ పొందినవారిలో 84.9 శాతం బతికి ఉన్నారు. తేడా ఉన్నట్టే కనిపిస్తుంది గానీ, అది కాకతాళీయం కాదని గణాంకాలు చెప్పలేకపోయాయి. ఇక్కడ యంత్రాన్ని సమర్థించేవాళ్లు ఒక బలమైన మాట అంటారు, దాన్ని దాటవేయకూడదు. ఆ పరీక్షలో రోగులకు కాలేయ మార్పిడి ఎంత వేగంగా జరిగిందంటే, జాబితాలో పేరు ఎక్కిన 16 గంటలకు అటూ ఇటూగా, మార్పిడి అయినవారిలో సగం మందికి శస్త్రచికిత్స అయిపోయింది. యంత్రానికి తన సత్తా చూపించే వ్యవధే దొరకలేదు. మన దగ్గర పదహారు గంటల్లో దాత దొరకడం కల్ల. అందువల్ల ఫ్రాన్స్‌లో తేలనిది తెలంగాణలో అక్కరకు రావచ్చు కదా? ఈ వాదనలో న్యాయముంది. కానీ దాన్ని చివరిదాకా నడిపిస్తే అది చేర్చేది మార్స్ దగ్గరికి కాదు. కాలేయ మార్పిడి దొరకని రోగులకు ఏది పనికొస్తుందో విడిగా చూపించిన పరీక్ష మరొకటి ఉంది.

అది ప్లాస్మా మార్పిడి. రోగి రక్తంలోంచి విషాలతో నిండిన ద్రవభాగాన్ని తీసేసి, దాతల నుంచి సేకరించిన ప్లాస్మాను ఎక్కించడం. వడపోతకు తోడు రక్తం గడ్డకట్టే పదార్థాలూ దీనితో అందుతాయి. పైన యంత్రానికి లేదన్న గుణం ఇదే. కోపెన్‌హాగన్ వైద్యుల నాయకత్వంలో 182 మందితో సాగి 2016లో వెలువడిన పరీక్షలో, మామూలు చికిత్స పొందినవారిలో 47.8 శాతం ఇంటికి వెళ్తే, ప్లాస్మా మార్పిడి పొందినవారిలో 58.7 శాతం వెళ్లారు. లాభం ప్రధానంగా కనబడింది కాలేయ మార్పిడి జరగనివారిలోనే. ఢిల్లీలోని ఐఎల్‌బీఎస్ కాలేయ ఆసుపత్రి వైద్యులు ప్లాస్మా మార్పిడిపై 40 మందితో చేసి 2022లో ప్రకటించిన పరీక్షలో 21 రోజుల నాటికి, కాలేయ మార్పిడి లేకుండా బతికినవారు ప్లాస్మా పొందిన వర్గంలో 75 శాతం. పోల్చిన వర్గంలో 45 శాతం. ఇది చిన్న పరీక్ష, అయినా మన దేశపు రోగులతో చేసింది. చిత్తూరు జిల్లాకు పక్కనే ఉన్న వేలూరు సీఎంసీలో ఎలుకల మందు పేస్టు తిన్న రోగుల మీద తక్కువ మోతాదు ప్లాస్మా మార్పిడిని ఏళ్లుగా వాడుతున్నారు. దీనికి అల్బుమిన్ సర్క్యూట్ అక్కర్లేదు. కావాల్సినవి ప్లాస్మా మార్చే మిషన్, శిక్షణ ఉన్న సిబ్బంది, నిండుగా ప్లాస్మా ఉన్న బ్లడ్ బ్యాంకు. పెద్ద ప్రభుత్వ బోధనాసుపత్రికి ఇవి అందని వస్తువులు కావు.

మామూలు డయాలిసిస్ సంగతి కూడా ఇక్కడే తేల్చాలి, ఎందుకంటే జిల్లాలో ఉన్నది అదే. కాలేయం విఫలమైనప్పుడు అమ్మోనియా మెదడుకెక్కి వాపు తెస్తుంది. దాన్ని తగ్గించడానికి రోజంతా నెమ్మదిగా నడిచే డయాలిసిస్ పనికొస్తుంది. అమెరికాలో వెయ్యి మందికి పైగా రోగుల రికార్డులు పరిశీలించి 2018లో రాసిన పత్రం, అలాంటి నిరంతర డయాలిసిస్ జరిగినవారిలో అమ్మోనియా తగ్గిందనీ, మరణాలూ తక్కువగా ఉన్నాయనీ చెప్పింది. నాలుగు గంటల్లో ముగిసే డయాలిసిస్‌కు ఆ ప్రయోజనం కనబడలేదు. ఒంట్లోని ద్రవాలు అంత వేగంగా మారితే వాచిన మెదడు తట్టుకోలేకపోవడం ఒక కారణం. అంటే ఊరికి దగ్గర్లో డయాలిసిస్ కేంద్రం ఉంది కదా, అక్కడ ఎక్కిద్దామనుకోవడం పొరపాటు. ఆ రోగి చేరాల్సింది ఐసీయూకి.

ఇప్పుడు అసలు ప్రశ్న: ఈ రోగులు ఎవరు? పాశ్చాత్య దేశాల్లో మందుల వల్ల కాలేయం చెడటమంటే మొదట గుర్తొచ్చేది మోతాదు మించిన పారాసిటమాల్. మన దగ్గర కథ వేరు. దేశంలోని వివిధ ఆసుపత్రుల వైద్యులు కలిసి 1,288 మంది రోగుల వివరాలను 2021లో ప్రచురించారు. వారిలో దాదాపు 46 శాతం మందికి టీబీ మందులే కారణం. ఆయుర్వేద, మూలికా మందుల వంటివి సుమారు 14 శాతంతో ఆ తర్వాతి స్థానంలో ఉన్నాయి. ఢిల్లీ ఎయిమ్స్ వైద్యులు 2010లో చెప్పిన లెక్క ఇంకా కఠినం: హఠాత్తుగా కాలేయం విఫలమై తమ దగ్గరికి వచ్చిన 1,223 మందిలో 70 మందికి టీబీ మందులు కారణం, ఆ 70 మందిలో బతికింది 23 మందే. ఐసోనియాజిడ్, రిఫాంపిసిన్, పైరజినమైడ్ మూడూ కాలేయాన్ని ఇబ్బంది పెట్టగలవే. అవి లేకుండా టీబీ నయం కాదు, కాబట్టి మందులను తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. గమనించాల్సింది మరొకటి. ఈ మాత్రలు ప్రభుత్వం ఇస్తున్నవి. రోగి పేరు, బరువు, ఫోన్ నంబరు ప్రభుత్వ టీబీ పోర్టల్ నిక్షయ్‌లో ఉంటాయి. పోషకాహారం కోసం నెలకు వెయ్యి రూపాయలు అతని ఖాతాలో పడతాయి. ఏ రోజు మాత్రలు మొదలుపెట్టాడో ప్రభుత్వానికి తెలిసిన రోగి ఇతను. కాలేయం దెబ్బతినేది కూడా ఎక్కువగా మొదటి రెండు నెలల్లోనే. ఎవరికి, ఎప్పుడు ప్రమాదం రావచ్చో ముందే ఇంత స్పష్టంగా తెలిసిన జబ్బులు వైద్యంలో అరుదు.

ఆ ప్రమాదం పల్లెలో ఎలా నడుస్తుందో దగ్గరగా చూస్తే లోపం ఎక్కడుందో తెలుస్తుంది. మొదట అన్నం సహించదు, వికారం. మాత్రలు వేడి చేశాయని మజ్జిగ తాగి ఊరుకుంటారు, మాత్రలు మాత్రం ఆపరు. తర్వాత వాంతులు, మూత్రం ముదురు పసుపు. ఆర్‌ఎంపీ దగ్గర ఒక సూది, ఒక సెలైన్. వారానికి కళ్లు పచ్చబడతాయి. అప్పుడు ఇంట్లోవాళ్లు దాన్ని కామెర్లుగా గుర్తుపడతారు. కామెర్లకు పసరు మందు పోస్తారని పేరున్న ఊరు ఎక్కడో ఒకచోట ఉండనే ఉంటుంది. మూడు రోజుల పసరు, ఉప్పు లేని పథ్యం. ఈలోగా టీబీ మాత్రలు సాగుతూనే ఉంటాయి, ఎందుకంటే ఒక్క రోజు కూడా మానొద్దని దవాఖానలో గట్టిగా చెప్పారు. ఆ తర్వాత రాత్రిళ్లు నిద్ర పట్టక పగలు మత్తుగా ఉండటం, పొంతన లేని మాటలు. 108కి ఫోన్ వెళ్లేది ఈ దశలో. వరంగల్ ఎంజీఎం ఆసుపత్రికి, అక్కడి నుంచి హైదరాబాద్‌కి చేరేసరికి రోగి కోమా అంచున ఉంటాడు. అప్పుడు ఏ యంత్రం తగిలించినా, అది పది రోజుల ఆలస్యంతో పోటీపడాలి.

ఆలస్యానికి ఎంత ధర ఉంటుందో ఒక చవక మందే చెబుతుంది. ఎన్-ఎసిటైల్‌సిస్టీన్ దశాబ్దాల నాటి మందు, పేటెంటు లేదు, సెలైన్‌లో ఎక్కిస్తారు. పారాసిటమాల్ కాకుండా ఇతర కారణాలతో కాలేయం విఫలమైన 173 మందితో ఈ మందును పోల్చి చూసిన అమెరికన్ పరీక్ష 2009లో వెలువడింది. మొత్తంగా చూస్తే బతికినవారి సంఖ్యలో పెద్ద తేడా రాలేదు. కానీ మగత తొలి దశలో ఉన్నవారిని విడిగా లెక్కిస్తే, కాలేయ మార్పిడి లేకుండా బతికినవారు మందు పొందిన వర్గంలో 52 శాతం, పొందనివారిలో 30 శాతం. మగత ముదిరినవారిలో ఈ లాభం మాయమైంది. అదే సీసా, అదే మోతాదు. రోగి మాట్లాడుతుండగా ఎక్కించడమా, మాట పడిపోయాక ఎక్కించడమా అన్నదే తేడా. ఈ మందు మొదలుపెట్టడానికి స్పెషలిస్టు కోసం ఎదురుచూడాల్సిన పని లేదు. జనగామలో, అవసరమైతే అంబులెన్స్ ఎక్కించే ముందే మొదలుపెట్టవచ్చు.

అంత త్వరగా గుర్తించాలంటే రోగికి ప్రమాదం గురించి ముందే చెప్పాలి. దీనికి వచ్చే గట్టి అభ్యంతరం టీబీ కార్యక్రమంలో పనిచేసేవాళ్లది. మాత్రలు కాలేయాన్ని చెడగొడతాయని ప్రచారం చేస్తే భయపడి మధ్యలో మానేస్తారు. సగంలో ఆపిన టీబీ మొండి టీబీగా మారుతుంది. కొద్దిమంది కోసం వేలమందిని ప్రమాదంలో పెట్టొద్దంటారు. ఆందోళన నిజమైనదే. కానీ భయం దాపరికంతో పోదు. ఊళ్లో ఒకరు కామెర్లతో చనిపోతే, కారణం ఎవరూ చెప్పకపోయినా ఆ వాడ మొత్తం మాత్రల మీద నమ్మకం పోగొట్టుకుంటుంది. చెప్పాల్సింది ‘మానేయండి’ అని కాదు. వాంతులు ఆగకపోయినా, మూత్రం రంగు మారినా ఆ రోజు మాత్ర వేసుకోకుండా దవాఖానకు రావాలని, రక్తం చూసి ఏం చేయాలో డాక్టరే చెబుతారని చెప్పాలి. ఇది కొత్త వైద్యమేమీ కాదు. లక్షణాలుంటే కాలేయ ఎంజైము మామూలుకన్నా మూడు రెట్లు, లక్షణాలు లేకపోతే ఐదు రెట్లు దాటినప్పుడు ఆ మందులు ఆపడం, కాలేయానికి హాని తక్కువైన మందులతో నెట్టుకొచ్చి, కోలుకున్నాక ఒక్కొక్కటిగా మళ్లీ మొదలుపెట్టడం వైద్యులు పాటిస్తున్న పద్ధతే. అలా చేసినవాళ్లలో అత్యధికులు టీబీ కోర్సు పూర్తిచేయగలరు.

రెండో అభ్యంతరం నాటు మందుల వైపు నుంచి వస్తుంది. తాతల నాటి నుంచి వాడుతున్న మూలికలు విషమెలా అవుతాయని అడుగుతారు. కరోనా కాలంలో రోగనిరోధక శక్తి కోసమని ఇంటింటా కాచుకు తాగిన తిప్పతీగ ఉదాహరణ చాలు. ముంబై వైద్యులు 2021లో ఆరుగురి వివరాలు రాస్తే, మొక్కను పోల్చుకోవడంలో పొరపాటు జరిగి ఉండొచ్చని ఆయుష్ మంత్రిత్వ శాఖ అభ్యంతరం చెప్పింది. మరుసటి ఏడాది హైదరాబాద్ ఏఐజీ ఆసుపత్రి వైద్యులు పాలుపంచుకున్న అధ్యయనం, దేశంలోని 13 కేంద్రాల నుంచి 43 మంది రోగులను చూపించింది. తిప్పతీగ తాగినవాళ్లందరికీ హాని జరగలేదు. కొందరికి జరిగింది, ఆ కొందరెవరో ముందుగా తెలియదు. మొక్క పొరపాటే అనుకున్నా, ఆ పేరుతో అమ్మింది కొని తాగిన మనిషికి దక్కే ఊరట ఏముంది? అల్లోపతి మాత్రకు పెట్టిన నియమమే పసరుకూ పెట్టాలి. కళ్లు పచ్చబడితే ముందు రెండూ ఆపి రక్తం చూపించుకోవాలి.

మూడో అభ్యంతరం నైతికమైనది. నగరంలో డబ్బున్నవాడికి యంత్రం, పల్లెలో పేదవాడికి రక్త పరీక్షా? ఇది వివక్ష కాదా? మంచి యంత్రం పేదవాడికి దక్కకూడదని ఎవరూ అనరు. కానీ పేదవాడికి ఇవాళ నిరాకరిస్తున్నది, రుజువు అంతంతమాత్రంగా ఉన్న యంత్రం కన్నా ముందు, రుజువున్న చవక చికిత్సను. సరైన వేళకు మందు ఆపడం, ఎసిటైల్‌సిస్టీన్ సెలైన్, వేళకు బదిలీ, ప్లాస్మా మార్పిడి. ఈ నాలుగూ అందితే చాలామందికి మార్స్ ఊసే రాదు. అందని చోట మార్స్ తెచ్చి పెట్టినా, దాని దాకా చేరేది మిగిలిన కొద్దిమందే. యంత్రం మీద పరిశోధన ఆపమనడం లేదు. దాత దొరికే దాకా రోగిని నిలబెట్టే వంతెనగా హైదరాబాద్‌లోని కాలేయ మార్పిడి కేంద్రాల్లో దానికి చోటుంది. ఆరోగ్యశ్రీలో కాలేయ మార్పిడి ఉంది, 2013 నుంచి అవయవదాన పథకం జీవన్‌దాన్ ఉంది, ఉస్మానియాలో ప్రభుత్వ వైద్యులే మార్పిడులు చేశారు. కానీ వంతెనకు అవతలి ఒడ్డు ఉండాలి. దాత దొరికే దారి లేని చోట, కాలేయం తనంతట తాను కోలుకోవడమొక్కటే ఒడ్డు. అది కోలుకోవాలంటే చెరుపు చేస్తున్న మందు వేళకు ఆగి ఉండాలి.

కాబట్టి చేయాల్సిన పనులను వరుసలో పెట్టవచ్చు. పాలకుర్తి ప్రభుత్వ దవాఖానలో టీబీ మాత్రలు మొదలుపెట్టిన ప్రతి రోగికీ మొదటి రోజున, ఆపై రెండు నెలల పాటు రెండు వారాలకోసారి కాలేయ పరీక్ష. 2018లో మొదలైన తెలంగాణ డయాగ్నొస్టిక్స్ పద్ధతిలో ప్రాథమిక కేంద్రాల నుంచి రక్తం హబ్ ల్యాబ్‌కు వెళ్లి ఫలితం తిరిగి వస్తూనే ఉంది. కొత్తగా కట్టాల్సిందేమీ లేదు. ఆశా కార్యకర్త మాత్రలు వేసుకున్నావా అని అడిగేటప్పుడే అన్నం సహిస్తోందా, మూత్రం ఏ రంగులో వస్తోంది అని మరో రెండు ప్రశ్నలు అడగాలి. 2023లో వైద్య కళాశాల వచ్చిన జనగామలో రక్తం గడ్డకట్టే తీరు చెప్పే ఐఎన్‌ఆర్ పరీక్ష రాత్రీ పగలూ జరగాలి, ఎసిటైల్‌సిస్టీన్ నిల్వ ఉండాలి. ఐఎన్‌ఆర్ 1.5 దాటిన కామెర్ల రోగిని మగత కోసం ఎదురుచూడకుండా వరంగల్‌కు పంపాలి. వరంగల్‌లో ప్లాస్మా మార్పిడి, నిరంతర డయాలిసిస్ రెండూ ఐసీయూలోనే అందాలి. పాత సెంట్రల్ జైలు స్థలంలో 2021లో శంకుస్థాపన జరిగిన 24 అంతస్తుల ఆసుపత్రికి కొనే పరికరాల జాబితాలో ఇవి ముందుండాలి. అక్కడ రెండు రోజుల్లో మెరుగుపడని రోగి వివరాలు హైదరాబాద్ కాలేయ మార్పిడి కేంద్రానికి అంబులెన్స్ కన్నా ముందే చేరాలి.

ఈ వ్యవస్థ పనిచేస్తోందో లేదో కొలవడం కూడా సులువే. ఏ మందు వల్ల, మాత్రలు మొదలైన ఎన్నో రోజున, ఎంత తెలివిలో ఉండగా రోగి వరంగల్ చేరాడో ప్రతి కేసుకూ రాసి ఉంచితే, ఏడాది తిరిగేసరికి ఆలస్యం ఏ మజిలీలో జరుగుతోందో బయటపడుతుంది. వేళకు చేరినా, ప్లాస్మా మార్పిడి అందినా ప్రాణాలు పోతున్నాయని ఆ లెక్క చెప్పిన రోజున అల్బుమిన్ యంత్రం కొనమని అడగడానికి పూర్తి హక్కు ఉంటుంది, అప్పుడు ఈ వ్యాసం రాసిన చేయి కూడా ఆ కోరిక మీద సంతకం పెడుతుంది. ఆ లెక్క ఇవాళ మన దగ్గర లేదు. అది లేకుండా యంత్రం కొంటే, ఆసుపత్రి ప్రారంభోత్సవంలో ఫొటోకు పనికొస్తుందే గానీ, పాలకుర్తిలో పదో రోజు కూడా మాత్రలు మింగుతూ పసరు తాగుతున్న మనిషికి ఒరిగేదేమీ ఉండదు. మాత్ర చేతిలో పెట్టిన ప్రభుత్వానికే, అది వికటిస్తోందేమో కనిపెట్టే బాధ్యత కూడా ఉంది. పరీక్ష తేదీ రాసిన చీటీ మాత్రల పొట్లంతో పాటే ఇవ్వడం దానికి మొదటి మెట్టు, రేపే మొదలుపెట్టగలిగినదీ అదే.